దారిలో నన్ను ఆగమన్నవారికి కృతజ్ఞతలు

మండువేసవిలో మోటార్‌సైకిల్ ర్యాలీకి ఒంటరిగా వెళ్లి, ఐదు రోజుల్లో 2,140 కిలోమీటర్లు తిరిగి మొన్న రాత్రి క్షేమంగా ఇల్లు చేరాను. ఈ క్షేమంలో నా గొప్ప ఎంత అని లెక్క వేసుకుంటే చాలా తక్కువే తేలింది. దారిలో నన్ను ఆదుకున్నవారిలో ఒక్కరి పేరు కూడా నేను అడిగి తెలుసుకోలేదు. ఒక పెద్దాయన ఫోన్ నంబరు మాత్రం రాసుకున్నాను గానీ, చెమట చేతులతో మడిచి జేబులో పెట్టుకున్న ఆ కాగితం మీద చివరి మూడు అంకెలు అలుక్కుపోయాయి. అందుకే ఎదురుగా నిలబడి చెప్పవలసిన మాటలను ఇలా నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

మొదటి కృతజ్ఞత నా మిత్రుడికి. బయలుదేరే ముందు సాయంత్రం వచ్చి, నేను ముచ్చటపడి కట్టుకున్న సామానంతా మళ్లీ విప్పించాడు. టెంటు, పనిముట్లు, నీళ్ల క్యాను అన్నీ వెనక క్యారియర్ మీద గుట్టగా పేర్చి ఉన్నాను. బరువు వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కీ పైకీ పోయేకొద్దీ ముందు చక్రం తేలికై, వేగం మీద హ్యాండిల్ ఊగుతుందని చెప్పి, పనిముట్లనూ నీళ్లనూ పక్క సంచుల అడుగుకు దింపించాడు. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలనీ, ఎండకు, పరుగుకు రీడింగు పెరిగిందని మధ్యలో గాలి తీయవద్దనీ రెండుసార్లు చెప్పాడు. రెండో రోజు మధ్యాహ్నం గేజీ నాలుగు పాయింట్లు ఎక్కువ చూపించేసరికి నా చెయ్యి నిజంగానే వాల్వు మీదికి పోయింది. ఆ మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నా తెలివితక్కువతనం బయటపడింది. ఎండ 42 డిగ్రీలుంది. గాలి ఆడే వల గుడ్డతో కుట్టిన మెష్ జాకెట్ జిప్పులన్నీ తెరిచి, గాలి ఒంటికి తగులుతోంది కదా, చల్లబడతానులే అనుకుంటూ మూడు గంటలపాటు ఆగకుండా నడిపాను. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఎంత వేగంగా తగిలితే అంత వేడిని ఒంట్లోకి ఎక్కిస్తుంది. ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. కానీ ఆ వడగాలికి చెమట పట్టినట్టు కూడా తెలియకుండా ఎగిరిపోతూ ఉంటుంది కాబట్టి, ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో మనకు అంచనా దొరకదు. ఇదంతా నాకు తెలియక కాదు. తెలిసిన సంగతి అవసరమైన వేళకు పనిచేయకపోవడమే వడ లక్షణమని ఇప్పుడు అర్థమైంది.

పెట్రోల్ బంకులో ఆగి ట్యాంకు మూతలో తాళంచెవి పెట్టబోతే అది లోపలికి పోలేదు. రెండోసారి తిప్పి పెట్టాను, పోలేదు. మూడోసారి రంధ్రానికి అంగుళం దూరంలో ట్యాంకు మీద గీసుకుంటూ పోయింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. దాన్ని పాలిష్ చేయించదలచుకోలేదు. పక్కన కారులోంచి ఇదంతా చూస్తున్న ఒక నడివయసు మహిళ దిగి వచ్చి, "బాబూ, ఆ తాళంచెవి ఇలా ఇవ్వు" అన్నారు. నేను బాగానే ఉన్నానని చెప్పాను. "బాగున్నవాడివైతే ఇవాళ ఏ వారమో చెప్పు" అన్నారు. చెప్పగలిగాను గానీ, వెతుక్కుని చెప్పవలసి వచ్చింది. ఆమె తాళంచెవిని తన సంచిలో వేసుకుని, నన్ను నీడలో కూర్చోబెట్టి, హెల్మెట్, జాకెట్, బూట్లు విప్పించి, తడిపిన తువ్వాళ్లు మెడ మీద, చంకల్లో పెట్టించారు. ఓఆర్ఎస్ పొట్లాన్ని సరిగ్గా లీటరు నీటిలో కలిపించి, గటగటా తాగబోతే చేయి పట్టి ఆపి, గుక్క గుక్కగా తాగించారు. పొట్లం దొరకనిచోట లీటరు మంచినీటికి మట్టంగా ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకుంటే సరిపోతుందట. తాను ఆసుపత్రి అత్యవసర విభాగంలో నర్సునని మాటల మధ్యలో చెప్పారు.

నలభై నిమిషాల పాటు ఆమె కుటుంబమంతా నా కోసం కారులో కూర్చుంది. వెనక సీటులోని చిన్నపిల్ల మాత్రం అద్దం దించి, నా బండి ఎంత స్పీడు పోతుందని రెండుసార్లు అడిగింది. తల తిరగడం తగ్గి, నా మాట తిన్నగా వస్తోందని నమ్మకం కలిగాకే ఆమె తాళంచెవి తిరిగి ఇచ్చారు. మాట తడబడి, మనిషికి తెలివి తప్పుతూ, ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతుంటే అది వడదెబ్బ అనీ, అప్పుడు ఒంటిని చల్లబరుస్తూనే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలనీ, నేను ఆ గీతకు ఇవతలే ఆగాననీ చెప్పారు. జాకెట్ లోపలి బనీనును నీళ్లలో ముంచి తొడుక్కుని, జిప్పులు చాలావరకు మూసి, కొద్దిపాటి గాలి మాత్రమే ఆడేలా చూసుకోమన్నారు. ఆ తర్వాత తిరుగు ప్రయాణం ముగిసేదాకా నలభై, యాభై నిమిషాలకొకసారి ఆగి బనీను తడుపుకుంటూనే వచ్చాను. అమ్మా, మీరు ఆ రోజు తాళంచెవి తీసుకోకపోతే నేను ఇంకో వంద కిలోమీటర్లు పోయేవాణ్ని. ఆ వంద తర్వాత ఏమయ్యేదో ఊహించడం నాకు ఇష్టం లేదు.

ర్యాలీ గురించి ఎక్కువ రాయను. అక్కడ అందరికీ అన్నీ బాగానే జరిగాయి. ఒంటరిగా వచ్చినవాడినని గమనించి తమ టెంట్ల మధ్య చోటిచ్చినవారికీ, గట్టి నేలలో నా మేకులు వంగిపోతే తమ ఇనుప మేకులు ఇచ్చినవారికీ నమస్కారాలు. రాత్రి అందరం ఎండను తిట్టుకుంటుంటే ఒకాయన నవ్వుతూ, 1956లో జర్మనీలో మొదలైన ఎలెఫాంటెన్‌ట్రెఫెన్ అనే కలయిక గురించి చెప్పారు. దానికి రైడర్లు నడిచలికాలంలో మంచు మీద బళ్లు నడుపుకుంటూ వచ్చి గుడారాల్లో పడుకుంటారు. అది విన్నాక మా ఎండ కాస్త చల్లబడింది.

అసలు ఇబ్బంది తిరుగు ప్రయాణం మొదటి రోజున వచ్చింది. వేగం తగ్గినప్పుడల్లా వెనక చక్రం దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు వినబడుతోంది. రాయి ఇరుక్కుందేమోనని పక్కకు ఆపి వంగి చూస్తే, చైను రెండు కొసలను కలిపే లింకు మీద క్లిప్పు లేదు. లింకు పై ప్లేటు పిన్నుల మీద సగం దాకా జరిగి వచ్చి ఉంది. ఇంకొంత దూరం పోతే చైను తెగి వెనక చక్రాన్ని పట్టేసేది, లేదా ఇంజన్ కేసును పగలగొట్టేది. ప్రయాణానికి ముందు చైను మార్పించిన వర్క్‌షాపులో క్లిప్పు తిరగేసి బిగించారా, పాతదే మళ్లీ వేశారా అన్నది క్లిప్పే పోయాక ఎవరూ తేల్చలేరు. కానీ చైనును మాత్రం తీగలా బిగించారు, అది నేను కళ్లారా చూసీ ఊరుకున్నాను. కాబట్టి సగం తప్పు నాది.

రోడ్డు పక్కన బండి ఆపుకునే జాగా లేని మలుపు అది. ముందుగా ఆగింది ఒక లారీ డ్రైవర్. ఏమీ అడగకుండా తన లారీని నా వెనక అడ్డంగా నిలిపి, నాలుగు లైట్లూ వెలిగించి, పని అయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఇద్దరు రైడర్లు ఆగారు, ఒక పెద్దాయన, ఒక కుర్రాడు. పెద్దాయన సంచిలో విడి లింకు ఉంది, కానీ అది 525; నాది 520 చైను. మొదటి అంకె 5 అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య అంగుళంలో ఎనిమిదింట ఐదో వంతు, అంటే 15.875 మిల్లీమీటర్లు, అది రెండింటికీ ఒకటే. తర్వాతి రెండంకెలు లోపలి వెడల్పు, నాది 6.35 మిల్లీమీటర్లయితే ఆయనది దాదాపు 8. తొడిగి చూద్దామని నేను బతిమాలాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎక్కుతుంది. కానీ ప్లేటు ఊగుతుంది. ఊగేదాని మీద నిన్ను పంపను" అన్నారు. కుర్రాడు మాట్లాడకుండా బండి తిప్పుకుని పోయి, గంటంపావుకు 520 లింకుతో వచ్చాడు. పోను రాను ఎన్ని కిలోమీటర్లని అడిగితే, "వదిలేయండన్నా" అన్నాడు. లింకు డబ్బు కూడా తీసుకోలేదు.

బిగించే పని పెద్దాయన నా చేతనే చేయించారు. క్లిప్పు మూసి ఉన్న వైపు చైను కదిలే దిక్కుకు ఉండాలనీ, అప్పుడే ఏదైనా తగిలినా క్లిప్పు ఊడదనీ చెప్పి, నోస్ ప్లయర్ నా చేతికిచ్చారు. రెండుసార్లు జారింది, మూడోసారి టక్కుమని కూర్చుంది. దాని మీద చిటికెడు సిలికాన్ జిగురు పూశారు. తర్వాత సామానుతో సహా నన్ను బండి మీద కూర్చోబెట్టి చైను చూపించారు: కింది వరుసలో అసలు లూజే లేదు. వెనక సస్పెన్షన్ అణిగేకొద్దీ ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్లచక్రం), స్వింగ్‌ఆర్మ్ పివట్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి కదిలే కీలు), వెనక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చి వాటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి, ఖాళీ బండి మీద సరిగ్గా అనిపించే చైను బరువు పడగానే లాగబడుతుంది. నా బండి మాన్యువల్‌లో 30 నుంచి 40 మిల్లీమీటర్ల లూజు ఉండాలని ఉంది. ఆయన 40 పెట్టించారు. అక్కడి నుంచి ఇంటిదాకా ఆ టిక్కు మళ్లీ వినబడలేదు.

అయ్యా, ఎర్ర టేపు చుట్టిన మీ నోస్ ప్లయర్ నా దగ్గరే ఉండిపోయింది. క్లిప్పు కూర్చున్న సంతోషంలో నా పనిముట్ల మూటలో కట్టేసుకున్నాను, ఇంటికి వచ్చి విప్పినప్పుడే చూశాను. టేపు కింద పిడి మీద మీరు చెక్కుకున్న రెండు అక్షరాలున్నాయి. అవేమిటో చెప్పినవారికి దాన్ని అప్పగిస్తాను. దానితో పాటు ఒక 520 లింకు కూడా పంపుతాను, కుర్రాడికి ఇవ్వండి. నా సంచిలో ఇప్పుడు 520 ఒకటి, 525 ఒకటి ఉన్నాయి.