లక్షలకు ముందు ముద్ర రంగు చూడండి

సంపాదకుడు గారికి,

పాత డాలరు నోటుంటే లక్షలే అని మీరు వేసిన చిన్న వార్త చదివి, పర్లాకిమిడిలో నా గడియారాల రిపేరు కొట్టుకి ఇద్దరొచ్చారు. భూతద్దం ఉన్నది నా దగ్గరే కదా!

నేనూ ఆ గోతిలో పడి లేచినవాణ్ణే. మా తాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1944లో ఆ చుట్టుపక్కల ఎయిర్‌ఫీల్డుల్లో దిగిన అమెరికా సైనికుడొకడు, చేతిగడియారం బాగుచేసినందుకు ఒక డాలరు నోటు ఇచ్చాడట. నాయనమ్మ పెట్టెలో కలరా ఉండల మధ్య దొరికింది. ఒక వీడియోలోని నెంబరుకి ఫోన్ చేస్తే, 12 లక్షలొస్తాయి, ముందు రిజిస్ట్రేషనుకి 2,100 కట్టమన్నాడు. కట్టాను. ఆ ఫోను ఇప్పటికీ మోగుతుంది, ఎత్తేవాడే లేడు.

ఉక్రోషం కొద్దీ అప్పుడు భూతద్దం పెట్టాను. కాగితంలో ఎర్రవీ, నీలివీ సన్నటి పోగులు. సూదిమొనతో గీకితే ఒకటి లేచింది కూడా. అచ్చేసిన గీతైతే లేవదు, కాబట్టి నోటు అసలైనదే. నోటు మీద సిరీస్ 1935 ఎ అని ఉంది, ముందువైపు అచ్చేసిన గుండ్రటి ప్రభుత్వ ముద్ర నీలం. అంటే సిల్వర్ సర్టిఫికెట్. 1968 జూన్ 24 వరకూ దీనికి బదులు వెండి ఇచ్చేవారు. కానీ ఆ సిరీస్ నోట్లు 600 కోట్లకు పైగా అచ్చయ్యాయి, ఇంక లక్షలెక్కడివి? నలిగిన నోటైతే నాలుగైదు డాలర్లు. అదే సిరీస్‌లో ముద్ర గోధుమరంగులో ఉండి, వెనక హవాయి అని పెద్దక్షరాలుంటే మాత్రం బేరం వేరు. పసుపు ముద్రవీ అంతే, అవి ఉత్తర ఆఫ్రికాలోని సైన్యానికి వేసినవి. నోటు నెంబరు పక్కన నక్షత్రం ఉందేమో కూడా చూడాలి. పాడైన నోటు స్థానంలో వేసినదని దానర్థం, కొనేవాళ్లు వాటికోసం వెతుకుతారు.

వచ్చినవాళ్లలో పాతపట్నం ఆయనది 1976 నాటి రెండు డాలర్ల నోటు. మామూలుగా దాని విలువ రెండు డాలర్లే. నవ్వేసి జేబులో పెట్టుకున్నాడు. రెండో ఆయన, అల్లుడు తెచ్చిన 1840 నాటి వెయ్యి డాలర్ల నోటు విప్పాడు. పసుపుపచ్చగా, అప్పడంలా కరకరలాడుతోంది. నెంబరు 8894. లోకమంతా తిరుగుతున్న నకళ్ల మీద ఉండే నెంబరు అదే. ఆ మాట చెప్పగానే తెప్పించిన టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇకమీదట ఇలాంటి వార్త వేస్తే ముద్ర రంగు, సిరీస్ కూడా వేయండి. ఉతకొద్దని, ఇస్త్రీ చేయొద్దని కూడా రాయండి. మడతలు పోతాయని మా తాత నోటుకి మా బావమరిది లామినేషన్ చేయించేశాడు. వచ్చే ఆ నాలుగు డాలర్లూ ఇప్పుడు రావు.

ఇట్లు,
ఒక గడియారాల మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా