పటాలకెక్కని గేలిక్ పేర్ల కోసం: స్కాట్లాండ్ మంత్రిగారికి బహిరంగ లేఖ

స్కాట్లాండ్ ప్రభుత్వంలో గేలిక్ భాష వ్యవహారాలు చూస్తున్న మంత్రిగారికి నమస్కారం.

2025 నవంబరు 30న స్కాట్లాండ్ పాత భాషల్లో ఒకటైన గేలిక్‌కు ఇక్కడ అధికార భాష హోదా వచ్చింది. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాడిగా నాకూ చాలా సంతోషమేసింది. ఇక చేయాల్సిన పనుల్లో ఒకటి మాత్రం వాయిదా వేస్తే మళ్లీ చేయలేం. కొండలు, వాగులు, బండల పేర్లలో పటాలకెక్కనివి ఎన్నో ఉన్నాయి. అవి తెలిసిన పెద్దవాళ్లు ఉండగానే, వెనకున్న కథలతో సహా అడిగి రికార్డు చేయించండి.

స్పే నది ఒడ్డున కింగ్యూసీ అనే ఊరు ఉంది. గేలిక్‌లో ఆ పేరుకు పైన్ అడవి కొస అని అర్థం. ట్రోసాక్స్ ప్రాంతంలో బ్రిగ్ ఓ టర్క్ అనే ఊరి పేరులో అడవి పంది ఉంది. పెర్త్‌షైర్‌లో ములినవాడీ అంటే తోడేలు మర. ఆనాటి అడవి పందులు, తోడేళ్లు అంతరించి వందల ఏళ్లయింది. ఇప్పుడు స్థానిక జాతుల చెట్లు నాటుతున్నారు, 2009లో నాప్‌డేల్ అడవిలో బీవర్లను (వాగులకు అడ్డుకట్టలు కట్టే జంతువులు) తిరిగి వదిలారు. ఒకప్పుడు ఎక్కడ ఏముండేదో వెతికేవాళ్లకు ఈ పేర్లు మంచి ఆధారం.

అయితే పేరొక్కటే చూసి తేల్చేస్తే పప్పులో కాలేస్తాం. నార్త్ ఊయిస్ట్ దీవిలోని లాక్‌మాడీనే తీసుకోండి. అందులో ఉన్న గేలిక్ మాటకు కుక్క అనీ, తోడేలు అనీ రెండర్థాలున్నాయి. నిఘంటువు తిప్పినవాడు ఇక్కడ తోడేళ్లు తిరిగేవి కాబోలు అనుకుంటాడు. ఆ ఊరివాళ్లను అడిగితే రేవు ముఖద్వారంలో కాపలా కుక్కల్లా నిలబడ్డ మూడు నల్లరాతి దిబ్బలను చూపిస్తారు. పెద్దకుక్క, చిన్నకుక్క, ముఖం ముడుచుకున్న కుక్క అని వాటికి విడివిడిగా పేర్లు కూడా ఉన్నాయి.

గ్లెన్ లయన్ అనే లోయ పక్కన, గేలిక్ పేరుకు ముసలమ్మ లోయ అని అర్థం వచ్చే ఇంకో లోయ ఉంది. అక్కడ చిన్న రాతి గూడు, దానిపైన గడ్డి పెళ్లల కప్పు. అందులో నీటి ఒరిపిడికి నునుపెక్కిన రాళ్లే ముసలమ్మ, ముసలయ్య, వాళ్ల కూతురు. మే మొదట్లో వాళ్లను బయట కూర్చోబెడతారు, నవంబరు మొదట్లో లోపల పెట్టి గూడు మూసేస్తారు. ఈ పని తరాల తరబడి ఆ లోయలో ఉండేవాళ్లే చూసుకున్నారు. పటంలో ఒక్క పేరుగా కనిపించే చోట ఇంత ఉంది, మంత్రిగారూ.

పటాలు గీసిన బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పాత నిబంధనల్లో చిన్న రైతుల మాట నమ్మదగింది కాదని రాసి ఉండేది. భూస్వాములను, పాస్టర్లను అడిగి రాసుకున్నారు. మందలు తోలుకెళ్లేవాళ్లకు మాత్రమే తెలిసిన పేర్లు చాలా వరకు అలాగే జారిపోయాయి.

2022 జనాభా లెక్కల్లో ఎంతో కొంత గేలిక్ వచ్చినవాళ్లు 1,30,161 మంది. 2011 కన్నా ఇది బాగా ఎక్కువే. కానీ అదే లెక్కల్లో, గేలిక్‌కు పుట్టిల్లు లాంటి పశ్చిమ దీవుల్లో ఆ భాష మాట్లాడేవాళ్లు సగం కన్నా తక్కువకు పడిపోయారు. నాకు టెన్షన్ అక్కడే.

గేలిక్ వచ్చిన యువతకు జీతమిచ్చి ఈ పనిలో పెట్టండి. పెద్దవాళ్లతో కలిసి ఆ చోటికే నడిచి వెళ్లి, వాళ్ల గొంతులోనే పేరు, కథ రికార్డు చేయాలి. 1951 నుంచి ఇలాంటివి భద్రపరుస్తున్న ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ ఆర్కైవ్‌కు వాటిని చేర్చాలి. అడవులు పెంచడానికి డబ్బు మంజూరు చేసే ముందు ఆ నేల గేలిక్ పేర్లు చూశారా లేదా అని దరఖాస్తులో అడగండి. ఇవన్నీ వచ్చే బడ్జెట్‌లోనే మొదలుపెట్టాలని నా మనవి.

ఇట్లు,
స్కాట్లాండ్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు