రోడ్డు మట్టం చెప్పండి, గడప ఎత్తు మేం చూసుకుంటాం

సంపాదకుల వారికి,

నమస్కారం. బుడమేరు వాగు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ వెడల్పు గురించి, గండ్లు పడిన కట్టను గట్టి చేయడం గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా వదలకుండా చదువుతున్నాను. మాది విజయవాడ పాయకాపురం, చదవక తప్పదు. అయితే ఆ కాలువను ఎంత వెడల్పు చేసినా, ఒక మోస్తరు వానకే మా వీధిలో నిలబడిపోయే నీళ్లు మాత్రం కదలవు. ఆ నీళ్లను ఆపుతున్నది కొత్త ఇళ్లు కట్టుకుంటున్న మేమూ, మా ముందు రోడ్లు పోస్తున్న వాళ్లూ. ఇంటి పని చివరికొచ్చి, ఫాల్గుణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్న దాన్ని కనుక ఈ సంగతి నేను రాయడమే సబబనిపించింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు పొంగి మా పేటలు మునిగిన సంగతి మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. కృష్ణ నిండుగా పారుతుంటే బుడమేరు నీళ్లు అందులోకి దిగవనీ, ఎగదన్ని మన మీదికే వస్తాయనీ మా మామగారు బతికున్నప్పుడు అంటుండేవారు. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. ఇక్కడ మా పాత ఇంట్లో కిటికీ దాటిన నీళ్లు. వినాయక చవితి చుట్టాలింట్లో చేసుకున్నాం. తిరిగొచ్చాక ఫైరింజను వాళ్లు గొట్టంతో కొట్టి బురద వదిలించారు గానీ, మట్టి అడుసుతో కట్టిన గోడలు ఎక్కడికక్కడ విచ్చుకున్నాయి. కింది అంతస్తు వాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఫ్రిజ్జుకీ పరుపులకీ సరిపోయాయి. బ్యాంకు అప్పు తీసుకుని ఇల్లు పడగొట్టి కట్టడం మొదలుపెట్టాం. మా ఆయన ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తారు, పొద్దున వెళితే రాత్రికే రావడం. కాబట్టి మేస్త్రితో, ప్లంబరుతో, వడ్రంగితో మాట్లాడినదీ పోట్లాడినదీ నేనే.

పునాదికి మార్కింగు ఇచ్చిన రోజున మేస్త్రిని మా వీధి చివర కరెంటు స్తంభం దగ్గరికి తీసుకెళ్లాను. ఆ సిమెంటు స్తంభం మీద వరద వదిలిన బురద చార అప్పటికి ఇంకా చెరగలేదు. లెవెల్ ట్యూబు ఒక కొసను కుర్రాడి చేత ఆ చార దగ్గర పట్టించి, రెండో కొస మా స్థలంలో పాతిన సరుగుడు బాదు దగ్గరికి లాక్కొచ్చాడు. ట్యూబులో గాలి బుడగలు పోయేదాకా గోటితో కొడుతూ నిలబడ్డాడు. నీళ్లు రెండు పక్కలా కదలకుండా ఆగాక బాదు మీద పెన్సిల్‌తో గీత పెట్టి, "ఇదిగోనమ్మా, మీ బుడమేరు" అన్నాడు. గీత నా నెత్తికి నాలుగు వేళ్లు పైన ఉంది.

అంత ఎత్తున బేస్‌మట్టం లేపడం మా వల్ల కాలేదు. మెరక తోలించడానికే డబ్బులు అయిపోతాయి, పైగా ఇరుకు స్థలంలో అన్ని మెట్లకు చోటెక్కడ? కింద పార్కింగు వదిలి పైన కట్టుకోమని కొందరు చెప్పారు. దానికి మా బడ్జెట్టూ ఒప్పుకోలేదు, మా అత్తగారి మోకాళ్లూ ఒప్పుకోలేదు. చివరికి రోడ్డు మీద నుంచి 3 అడుగుల బేస్‌మట్టం వేశాం. అంటే మళ్లీ అంత వరదే వస్తే ఇంట్లో రెండున్నర అడుగుల నీళ్లు ఉంటాయన్న లెక్క. ఫినిషింగు పనులన్నిటికీ ఆ రెండున్నర అడుగుల గీతే మాకు వాస్తు అయింది.

ఎలక్ట్రీషియన్ ప్లగ్ పాయింట్లు నేలకు అడుగు ఎత్తులో పెడతానన్నాడు, సోఫా వెనక కనపడకుండా ఉంటాయట. ఒక్కటి కూడా 4 అడుగులకు కిందికి ఉండకూడదని చెప్పాను. వైర్లు శ్లాబులోంచి దించాడు. కింది భాగానికి విడిగా ఎంసీబీ (తేడా వస్తే కరెంటును దానంతటదే ఆపేసే స్విచ్చి), ఇన్వర్టరు మేడ మీది గదిలో. వంటింటి దగ్గరే కాస్త యుద్ధం జరిగింది. మాడ్యులర్ కిచెన్ అతను ఫోనులో బొమ్మలు చూపిస్తూ "వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మేడం" అన్నాడు. గిన్నెలు కడిగేటప్పుడు చిందే నీళ్లకు అది వాటర్‌ప్రూఫే, కాదనను. రోజుల తరబడి నిలిచే మురుగునీటి సంగతి వేరు. ఎదురింటి వాళ్ల పార్టికల్ బోర్డు అలమర తలుపు వరద తీశాక పట్టుకుంటే పొట్టు పొట్టుగా చేతిలోకి ఊడి రావడం నేను కళ్లారా చూశాను. అందుకని గట్టు కింద అరలన్నీ కడప బండలతో వేయించి, అల్యూమినియం తలుపులు పెట్టించాను. ప్లైవుడ్ గీతకు పైన మాత్రమే. పాతకాలం వంటిల్లులా ఉందని మా అమ్మాయి మూతి ముడిచింది. బాత్రూములకు గ్రానైటు ద్వారబంధాలు. సింహద్వారం మటుకు టేకుదే, గడపా చెక్కదే. పసుపు రాసే గడప రాయిదైతే ఎలా అని అత్తగారు అడిగారు, అక్కడ నేను వాదించలేదు.

గోడలకు గీత కింద లప్పం పెట్టించలేదు. స్పాంజి ఫినిషింగు మీదే రంగు వేయించాను. నీళ్లు తీశాక లప్పం గోకి మళ్లీ పెట్టించుకోవడం ఎంత తద్దినమో మా వీధిలో అందరికీ తెలుసు. గరుకు ఎక్కడ ఆగిందో, నునుపు ఎక్కడ మొదలైందో కనపడుతుందని పెయింటరు బాధపడి, ఆ అంచున ముదురు రంగు పట్టీ ఒకటి లాగాడు. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు డిజైను బాగుందంటున్నారు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఖర్చు తక్కువైనది ఇంకొకటి ఉంది. ఇళ్లు కట్టుకుంటున్న వాళ్ల కోసం దీన్ని కాస్త వివరంగా రాస్తాను. ఆ ఆదివారం మా ఇంట్లోకి నీళ్లు ముందుగా వచ్చింది వీధి గుమ్మంలోంచి కాదు, బాత్రూము జాలీలోంచి. వీధిలో మురుగు లైను నిండిపోగానే అది వెనక్కి తన్ని, ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న కంతలోంచి పైకి వస్తుంది. గుమ్మానికి ఎన్ని ఇసక బస్తాలు అడ్డం పెట్టినా లాభం లేదు. బయటికి వెళ్లే పైపుకు నాన్ రిటర్న్ వాల్వు పెట్టమంటే మా ప్లంబరు "అది మోటారుకు కదమ్మా పెట్టేది" అని నవ్వాడు. మురుగు పైపులకు కూడా రెక్క ఉన్న వాల్వు దొరుకుతుంది. నీళ్లు బయటికి పోయేటప్పుడు రెక్క తెరుచుకుంటుంది, వెనక్కి తంతే మూసుకుంటుంది. వన్‌టౌన్‌లో కొట్లన్నీ విచారించి అతనే పట్టుకొచ్చాడు. దాన్ని భూమిలో పూడ్చేయకూడదు. రెక్కకు జుట్టో, కవరు ముక్కో అడ్డుపడితే మూసుకోదు. అందుకని పైనుంచి మూత తీసి కడుక్కునేలా చిన్న ఛాంబరు కట్టించాం. సంపు మూతిని కూడా గీత దాటేదాకా లేపాం. వాకిట్లో అంత ఎత్తున ఉండేసరికి కొత్తవాళ్లు తులసికోట అనుకుంటున్నారు.

ఇదంతా మా ప్రహరీ లోపలి సంగతి. ప్రహరీ దాటాక మా చేతిలో ఏమీ లేదు.

రోడ్డు మీద నుంచి 3 అడుగులు అన్నాను కదా. ఏ రోడ్డు మీద నుంచి? మా గోడలు లేస్తుండగానే వీధిలో పాత సిమెంటు రోడ్డు మీద కొత్తది పోశారు. పాతదాన్ని తవ్వి తీయలేదు, గీకనూ లేదు, దాని నెత్తినే వేశారు. మా 3 అడుగుల్లో అర అడుగు అక్కడే పోయింది. ఇలా రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి లేస్తుంది, పాత ఇళ్లు దిగిపోతాయి. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లకు ఇప్పుడు గేటు తీసి దిగి వెళ్లాలి. అది చూసి, తర్వాత కట్టేవాడు తన బేస్‌మట్టం ఇంకో అడుగు పెంచుతాడు. వెనక సందులో ఈమధ్య లేచిన ఇల్లు రోడ్డుకు 5 అడుగుల పైనుంది. తప్పు పట్టలేం, రేపు రోడ్డు ఎంత లేస్తుందో తెలియని మనిషి ఇంకేం చేస్తాడు?

మా పక్కింటి పిన్నిగారిది రేకుల ఇల్లు. పిల్లలు దూరాన ఉంటారు, ఒక్కరే ఉంటారు. మా మెరక పని చూస్తూ చూస్తూ ఒకరోజు అడిగారు: "నువ్వు ఎత్తు చేసుకున్నావు, బాగానే ఉంది. మీ వాన నీళ్లు ఎటు పోతాయే అమ్మాయ్?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోతే ఈ ఉత్తరం రాసే మొహం ఉండేది కాదు. ఆవిడ వైపు చూరు నీళ్లన్నీ పైపులో పట్టి మా ముందున్న సైడు కాలువకు కలిపించాను. ఆవిడ అక్కడితో ఆగలేదు. "కాలువ పారితే కదా" అన్నారు.

నిజమే. సైడు కాలువ మీద ఇంటింటికీ ఒక ర్యాంపు. స్కూటరు ఎక్కాలి, కారున్న వాళ్లకు కారు ఎక్కాలి, ఎవరూ కాదనరు. కానీ ఇల్లు లేచేకొద్దీ ర్యాంపు పొడవు పెరుగుతుంది. అది కాలువను దాటుకుని రోడ్డు మీదికి నాలుక చాస్తుంది. కొందరైతే కాలువను కాంక్రీటుతో పూడ్చేసి, కింద 4 అంగుళాల పైపు ముక్క ఒకటి వదిలి, దారి ఇచ్చామంటారు. పూడిక తీయడానికి వచ్చే కార్మికులకు పార పెట్టే సందు ఉండదు. మా ముందు ఒకావిడ వెదురు బద్ద దూర్చి, పడుకున్నంత పని చేసి, ర్యాంపు కిందనుంచి నల్లటి బురద పిడికెడు పిడికెడు లాగుతుంటే, ఆ ర్యాంపు కట్టిన పెద్దమనిషే అరుగు మీద నిలబడి "సరిగ్గా తీయడం లేదు" అని కేకలేశాడు. నాకు ఒళ్లు మండింది. పొరుగువాడు కదా అని ఊరుకున్నాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అధికారులను అడిగేది పెద్ద కోరికేం కాదు. కరకట్టలకు, రెగ్యులేటర్లకు కోట్లు కావాలి, టెండర్లు కావాలి. దీనికి నూనె రంగు డబ్బా, బ్రష్షు, మట్టం చూసే మనిషి ఒకరు చాలు. వీధికొక కరెంటు స్తంభం మీద రెండు గీతలు పెట్టండి. పైది 2024 నీటి మట్టం. కిందిది, ఆ వీధిలో రోడ్డు ఇక ఎన్నిసార్లు వేసినా దాటకూడని మట్టం. ఆ తర్వాత ఎవరు రోడ్డు వేసినా పాతది తీసి, ఆ గీత లోపలే పోయాలి. ప్లాను మంజూరు చేసేటప్పుడే ఆ కొలత కాగితం మీద రాసిస్తే, ఎవరికి వారు భయంతో అడుగూ రెండడుగులూ కలుపుకునే పని తప్పుతుంది. ర్యాంపులకు కూడా ఒక నమూనా చెప్పండి: కాలువ మీద పడే భాగం ఎత్తితే లేచే ఇనుప చట్రమే ఉండాలని. కొత్తగా కట్టేవాళ్ల నుంచి మొదలుపెట్టినా చాలు.

గీత పెట్టడం వానలకు ముందే అయితే మంచిది. పోయిన వానాకాలానికే స్తంభం మీది బురద చార సగం కడుక్కుపోయింది, ఇంకో ఏడాది పోతే నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. నీటి గీత పెడితే స్థలాల రేట్లు పడిపోతాయని మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు గొణుగుతున్నారు. తెలియని వాడికి అంటగడితేనే వచ్చే రేటు మాకొద్దని నేను వాళ్ల మొహానే చెప్పాను.

మా ఇంటి మటుకు మడిచే ర్యాంపుకు చట్రం ఆటోనగర్‌లో మా ఆయనే దగ్గరుండి చేయించారు. పైన చెకర్ ప్లేటు, గోడ పక్క కీళ్లు. పూడిక తీసేవాళ్లు వస్తే ఒక మనిషి ఎత్తి గోడకు ఆనించవచ్చు. చట్రం కాళ్లు మాత్రం కోయించలేదు. రోడ్డు మళ్లీ లేస్తుందో లేవదో తెలిస్తే గానీ కొలత ఇవ్వలేం. పంతులుగారు ముందుగా గోవు లోపలికి రావాలంటున్నారు, గోవును తోలుకొచ్చే అతనేమో అన్ని మెట్లు ఎక్కించనని ఇప్పుడే చెప్పేశాడు. మా వీధి మట్టం ఫలానా అని ముహూర్తం లోపు ఎవరైనా చెబితే కోత, వెల్డింగు కలిపి ఒక పూట పని. చెప్పకపోతే సెంట్రింగు చెక్కలు పరిచి ఎక్కిస్తాం.

ఇట్లు,
ఒక గృహిణి,
పాయకాపురం, విజయవాడ