మాఘ పౌర్ణమి లోపు చేరాలని

నర్సీపట్నం,
కనుమ వెళ్లిన మూడో రోజు

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను. మూడు ఆదివారాలుగా ఫోను ఎత్తడం లేదని రాస్తున్న ఉత్తరం కాదిది. పనులుంటాయి, నాకు తెలియదా. పండక్కి అరిసెలు చేశాం. రామలక్ష్మి పిన్ని కబుర్లలో పడి పాకం ముదరబెట్టింది. నీకెలాగూ గట్టివే ఇష్టం కదా అని ఓ పాతిక డబ్బాలో తీసిపెట్టాను. పెరట్లో సపోటా చెట్టు కొట్టించేశాం, వేళ్లు గోడ కిందకి పోతున్నాయని. మీ నాన్న మోకాలు ఎప్పటిలాగే ఉంది, ఆయన మాట వినకపోవడమూ ఎప్పటిలాగే ఉంది.

కనుమ నాడు బుల్లి వచ్చాడు. వాడి ఫోనులో ఏదో చూపించాడు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఈసారి చలి గట్టిగానే ఉంది. హైదరాబాదు నుంచి కూడా జనం కార్లేసుకుని లంబసింగి వచ్చేస్తున్నారు. తెల్లారగట్ల పొగమంచులో నిలబడి ఫొటోలు, టీలు, పక్కనే మంటలు. దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు కదా. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. మా చలి ఈమాత్రానికే ఇంత గొప్ప చెప్పుకుంటోంది, మీ ఊళ్లో ఎలా ఉంటోందో. మైనస్ 15 ఉన్నప్పుడు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి కొడితే ఒంటికి అది మైనస్ 29లా తగులుతుందట. నేను లెక్క కట్టే చూశాను, సూత్రం దొరికింది. కాబట్టి లోపల నూలు బనీను వేసుకోకు. చెమట పీల్చుకుని తడిసిపోయి ఒంటికి అంటుకుంటుంది. ఉన్నిది వేసుకో. చేతి తొడుగులు రెండు జతలు ఉంచుకో, ఒకటి తడిస్తే ఇంకొకటి.

సరే, తర్వాత అన్న సంగతి ఇప్పుడే రాసేస్తాను, లేకపోతే రాత్రికి నిద్ర పట్టదు. రాత్రిపూట మంచుబండి తోలుతున్న వీడియో, 41 సెకన్లు. మొదటి పది సెకన్లూ చీకటి, ఇంజను రొద. తర్వాత లైటు పడి ఎదురుగా చాప పరిచినంత మేర తెల్లగా కనిపించింది. ఆ హెల్మెట్లో ఎవరున్నారో నాకేం తెలుస్తుంది, నవ్వు విని పోల్చుకున్నాను. స్టేటస్ నాకు కనబడకుండా పెట్టావట. పెట్టుకో. బుల్లికి చూపించి నాకు దాచడమంటే ఊళ్లో దండోరా వేయించి గుట్టు అన్నట్టుంది. మాఘ పౌర్ణమికి మళ్లీ వెళ్తున్నారని కూడా వాడే చెప్పాడు. నేనడగలేదు.

మీ యూటాలో ఆ మిర్రర్ లేక్ రోడ్డు ఎక్కడో పటంలో చూశాం. చలికాలమంతా కార్లకు మూసేసి ఆ మంచుబళ్లకి వదిలేస్తారట. పైకి పోయేకొద్దీ 10,000 అడుగులు దాటుతుందట. లంబసింగి 3,000. ఆ రోడ్డు పోయే యూయింటా కొండలు తూర్పు పడమరలుగా అడ్డంగా పడుకున్నాయి. అంటే ఒక పక్క వాలులన్నీ ఉత్తరానికి తిరిగి ఉంటాయి, వాటికి చలికాలం ఎండ సరిగా తగలదు. మొదట్లో పడ్డ మంచు పలచగా ఉండి, ఆకాశం తేటగా ఉండి చలి కాస్తే, అడుగున ఉన్న మంచు పంచదార పలుకుల్లా తయారవుతుందట. గుప్పిట పట్టినా ముద్ద కట్టదట. దాని మీద తర్వాత పడింది పలకలా గట్టిపడుతుంది. బొంబాయి రవ్వ పోసి, దాని మీద పీట వేసి, ఆ పీటెక్కి నిలబడ్డట్టు. అలాంటి దాని మీదకి రెండు వందల కిలోల బండి తీసుకెళ్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అలా జారిపడే మంచు చరియల్లో చిక్కుకున్న పదిమందిలో తొమ్మిదిమంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్లో, వాళ్లతో వచ్చినవాళ్లోనట.

విరిగేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. టాన్ 30 ఎంతో నీకు చెప్పింది నేనే. వంద అడుగులు ముందుకెళ్తే 58 అడుగుల ఎత్తు. మన డాబా మెట్లంత, అంతే. నేను చదునుగా ఉన్న చోటే ఉన్నాను కదా అంటావు. పైనుంచి వచ్చేదానికి నువ్వు చదునులో ఉన్నావని తెలుస్తుందా? పగలైతే తలెత్తి చూస్తావు, ఎక్కడ పాత చరియ జారిన గుర్తుందో, ఎక్కడ గాలికి మంచు అంచు పెరిగి వేలాడుతోందో. రాత్రి నీ లైటు ముందుకు పడుతుంది గానీ పైకి పడదు.

లెక్చరు కొట్టకూడదనుకుని మొదలుపెట్టాను. ముప్ఫై రెండేళ్లు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి, ఏం చేస్తాం. ఇంకొక్క లెక్క చెప్పి ఆపేస్తాను. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అడ్డం కనబడి, అది నీ మెదడుకెక్కి, ఆక్సిలరేటరు మీంచి బొటనవేలు లేచేసరికి ఒక సెకను పోతుంది. ఆపడం మొదలయ్యేది ఆ 17 మీటర్ల తర్వాత. పైగా దారి చదును చేసే పెద్ద యంత్రాలు తిరిగేది కూడా ఎక్కువగా రాత్రిళ్లేనట, చలికి మంచు గట్టిగా కూర్చుంటుందని. మలుపు తిరగ్గానే ఇల్లంత యంత్రం ఎదురుగా ఉంటే?

మీ నాన్నకి ఇవేవీ పట్టలేదు. వీడియో పదకొండుసార్లు చూశారు, నేను లెక్కపెట్టాను. తర్వాత నెట్లో ఆ బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివారు. కెనడాలో వాల్కూర్ అనే ఊళ్లో ఆర్మాండ్ బొంబార్డియే అని ఓ మెకానిక్. 1934 చలికాలంలో రెండేళ్ల కొడుకుకి కడుపులో చీము పట్టింది. దారులన్నీ మంచు కింద, ఆసుపత్రికి చేర్చలేకపోయాడు. పిల్లాడు పోయాడు. అంతకు ముందు నుంచే మంచు మీద నడిచే బళ్ల మీద పనిచేస్తున్నాడట, ఆ తర్వాత ఇక వదల్లేదు. 1959లో ఇప్పుడు మీరెక్కే రకం చిన్న బండి తెచ్చాడు. అన్నం తింటూ చెప్పారు. నేను మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాను.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. అప్పటికి నీకు ఏడాదిన్నర. మాఘమాసం, చింతపల్లిలో మా హెడ్మాస్టరు గారి అమ్మాయి పెళ్లి. నిన్ను అమ్మమ్మ దగ్గర వదిలి సత్యం మామయ్య జీపులో ఇద్దరం వెళ్లాం. ఉండిపొమ్మని అందరూ అన్నారు. మీ నాన్న వింటారా, ఈ ఘాటు నాకు కొట్టినపిండి అన్నారు. పదకొండు దాటాక బయల్దేరాం. లంబసింగి దాటి దిగడం మొదలుపెట్టగానే మంచు కమ్మేసింది. పెద్ద లైటు వేస్తే తెల్లగోడ, డిమ్ము చేసినా అదే గోడ. ఆ కాంతంతా వెనక్కి తిరిగి మా కళ్లలోకే కొడుతోంది. ఆయన ఇంజను ఆపి కాసేపు ఊరుకుని, "దిగి ముందు నడుస్తావా?" అన్నారు. పట్టుచీర, తల్లో పూలు, కాళ్లకి పెళ్లిలో రాసిన పసుపు. ఆయన తెల్ల తువ్వాలు నా వీపు మీద పరిచి రెండు కొసలూ మెడ దగ్గర ముడేశారు, వెనకనుంచి కనబడాలని. టార్చి రోడ్డు అంచు మీదకి పట్టుకుని నేను ముందు, ఫస్టు గేరులో జీపు నా వెనక.

నా సంగతి తెలుసు కదా, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. 612 దగ్గర కాలి కింద ఆకులు తగిలాయి, పచ్చివి. కొమ్మేదో విరిగిపడిందనుకుని ఇంకో రెండడుగులు వేశాను. చాపిన చేతికి చల్లగా ఇనుము తగిలింది. లారీ తొట్టి. వెనక లైటు లేదు, కర్రల లోడు, దుంగల మొనలు సరిగ్గా నా గుండె ఎత్తున. చెడిపోయి ఆగితే గుర్తుకని వెనక కొమ్మలు పరిచి, డ్రైవరూ క్లీనరూ అద్దాలెత్తుకుని నిద్రపోతున్నారు. నేను అరిచానో లేదో నాకు తెలియదు. వెనక్కి తిరిగితే జీపు బంపరు మూరెడు దూరంలో ఉంది. మీ నాన్న స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నారు, చాలాసేపు.

వాళ్లని లేపాం, ఆ కొమ్మలే కొన్ని అంటించాం. పచ్చివి, మంట కంటే పొగే ఎక్కువ. మూడింటప్పుడు కాబోలు, మా మీద మంచు విచ్చుకుంది. పైన చంద్రుడు. కింద లోయంతా పొగమంచు, పాలు పొంగి గిన్నె అంచు దాకా వచ్చి ఆగినట్టు. అక్కడక్కడా కొండ కొసలు దానిలోంచి నల్లగా తేలుతున్నాయి. చప్పుడన్నది లేదు. నేను అంత వెలుతురు రాత్రిపూట ఎప్పుడూ చూడలేదు. చిట్టీ, నిజం చెప్తున్నాను, చలి మర్చిపోయాను. లారీ మర్చిపోయాను. ఇంట్లో నిన్ను వదిలి వచ్చానన్న సంగతి కూడా ఓ అరగంట గుర్తు రాలేదు.

ఎనిమిదింటికి ఇల్లు చేరాం. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, నువ్వు ఒళ్లో. ఏమీ అడగలేదు. "నీళ్లు కాగాయి, పోసుకో" అంది. తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మమ్మ పోయిన తర్వాత ఎప్పుడో ఎదురింటి వరాలు చెప్పింది, ఆ రాత్రి నిన్ను చంకనేసుకుని బస్టాండుకి మూడుసార్లు వెళ్లొచ్చిందట. ఆ వేళప్పుడు బస్సే లేదు.

వద్దని రాద్దామనే కూర్చున్నాను. ఆడపిల్లవని కాదు, పెద్దబాబు అయినా ఇంతే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దంటాను. యూటా అవలాంచ్ సెంటర్ వాళ్లు యూయింటా కొండలకి విడిగా రోజూ పొద్దున్నే మంచు చరియల హెచ్చరిక పెడతారు, ఐదు మెట్లలో. మూడు అని ఉంటే ఐదింటికి మూడు, ఫస్టు క్లాసు అనుకునేవు. నాలుగైతే చాలామంది భయపడి ఇంట్లోనే ఉంటారు, మూడు చూసి ధైర్యం చేసి బయల్దేరేవాళ్లే ఎక్కువగా పోతున్నారు. ఆ రోజు రెండు దాటితే కొండ ఎక్కకు. చంద్రుణ్ణి ఊళ్లోంచి చూడు, ఆయనకేం పట్టింపు లేదు.

వీడియోలో 33వ సెకను దగ్గర మీ ఇద్దరూ కనబడతారు. ఇద్దరి వీపునా సంచీ లేదు. పార బండికి కట్టుకుంటే బండితోపాటే మంచులోకి పోతుంది, వీపున ఉండాలి. మంచులో పూడినవాళ్లని పావుగంటలోపు తవ్వి తీస్తే చాలామంది బతుకుతారు, అరగంట దాటితే మూడింట ఒక వంతు. ఆ లోపు ఊళ్లోంచి ఎవరూ రాలేరు, తవ్వాల్సింది పక్కనున్నవాళ్లే. ఆ గడ్డం అబ్బాయికి తవ్వడం వచ్చా? ఎవరా అబ్బాయి? (దీనికి జవాబు విడిగా రాయి.) మంచు కింద ఎక్కడున్నారో సిగ్నలు పంపే 457 కిలోహెర్ట్జ్ బీకను ఇద్దరి ఒంటి మీదా ఉండాలి, అద్దెకిచ్చేవాళ్లు చెప్పినా చెప్పకపోయినా. ఫోను దాని పక్కన పెట్టుకోవద్దు, సిగ్నలుకి అడ్డమట. ఫోను దూరంగా పెట్టుకోమని నీకు నేను చెప్పే రోజొకటి వస్తుందనుకోలేదు.

అరిసెల డబ్బా, ఉసిరికాయ పచ్చడి, ఉన్ని సాక్సులు నాలుగు జతలు పార్సెలు వేస్తున్నాం. ఉత్తరం అందులో పెడితే పౌర్ణమి దాటిపోతుందని మీ నాన్న పేజీలు ఫొటో తీసి పంపుతానన్నారు.

నీకు రాత్రి తొమ్మిదైతే ఇక్కడ మర్నాడు పొద్దున్న తొమ్మిదిన్నర. పప్పు కుక్కరు పెట్టే వేళ. తిరిగొచ్చి బండి తాళం అప్పగించాక "దిగాను" అని ఒక్క మాట పెట్టు. ఫోను చెయ్యక్కర్లేదు, తిట్టను. ఆ పొద్దున్న నేను కూరలకి వెళ్లడం లేదు, ఇంట్లోనే ఉంటాను.

అమ్మ

ఫొటో తీస్తూ మీ నాన్న అడుగుతున్నారు, ఆ బండి ఎన్ని సీసీ అని. నాకు చెప్పొద్దు. ఆయనకే రాయి.