ఏజెంటా, డిస్ట్రిబ్యూటరా? సంతకానికి ముందే తేల్చుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మన కారానికి, పసుపుకు, పచ్చళ్లకు విదేశాల్లో ఉన్న గిరాకీ గురించి పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. అయితే చిన్న ఉత్పత్తిదారులకు అందే సలహాలు ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు తీసుకోవలసిన కోడ్) నంబరు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషను, ప్యాకింగు దగ్గరే ఆగిపోతున్నాయి. అక్కడ సరుకు అమ్మే వ్యక్తిని ఏజెంటుగా పెట్టుకోవాలా, డిస్ట్రిబ్యూటరుగా పెట్టుకోవాలా అన్న ప్రశ్న మాత్రం చర్చకే రావడం లేదు.

గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే రైతుకు ఈ తేడా కొత్తది కాదు. కమీషన్ ఏజెంటు సరుకు అమ్మిపెట్టి తన కమీషను తీసుకుంటాడు. కొన్న వ్యాపారి మాత్రం సరుకుకు సొంతదారై, ధర పెరిగినా పడిపోయినా తానే భరిస్తాడు. విదేశంలో ఏజెంటు తెచ్చిన ఆర్డరుకు బిల్లు మన పేరుతోనే వెళుతుంది కాబట్టి, కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే నష్టం మనదే. ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పాలసీ లేకుండా ఆ దారిలో వెళ్లడం సాహసమే. డిస్ట్రిబ్యూటరైతే తానే కొని, నిల్వ చేసి, లాభం కలుపుకొని అమ్ముకుంటాడు. చివరికి ఎవరు కొంటున్నారో, ఎంతకు కొంటున్నారో మనకు తెలియకపోవచ్చు.

బస్తాల లెక్కన మసాలా కంపెనీలకో, ఓలియోరెసిన్ (మిర్చి ఘాటు, రంగుల సారం) తీసే ఫ్యాక్టరీలకో వెళ్లే మిర్చికి కొనుగోలుదారులు కొద్దిమందే కాబట్టి ఏజెంటు చాలునని నా అభిప్రాయం. సీసాల్లో, ప్యాకెట్లలో దుకాణాలకు చేరవలసిన సరుకుకు డిస్ట్రిబ్యూటరే నయం. అమెరికాలో ఆహార పదార్థాల దిగుమతిదారు, విదేశీ సరఫరాదారు భద్రతా ప్రమాణాలు పాటిస్తున్నాడో లేదో తానే పరిశీలించి రికార్డులు ఉంచాలని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన. ఐరోపా సమాఖ్యలో ఎండుమిర్చికి, కారానికి మొత్తం అఫ్లాటాక్సిన్లు (బూజు వల్ల పుట్టే విషపదార్థాలు) కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. రేవులో సరుకు ఆగినప్పుడు జవాబు చెప్పవలసింది దిగుమతిదారు, అంటే సాధారణంగా డిస్ట్రిబ్యూటరే. ఆర్డరు మాత్రమే తెచ్చే ఏజెంటుకు సాధారణంగా ఆ బాధ్యత ఉండదు.

అసలు చిక్కు విడిపోయేటప్పుడు వస్తుంది. ఐరోపా సమాఖ్య 1986 నాటి ఆదేశం ప్రకారం, కాలపరిమితి లేని ఒప్పందంలో ఏజెంటును తొలగించాలంటే మొదటి ఏడాది ఒక నెల, రెండో ఏడాది రెండు నెలలు, ఆపైన కనీసం మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. చాలా సందర్భాల్లో పరిహారమూ చెల్లించాలి. ఒప్పందంలో మన దేశ చట్టమే వర్తిస్తుందని రాసుకున్నంత మాత్రాన దీన్ని తప్పించుకోలేం. అప్పట్లో ఐరోపా సమాఖ్యలోనే ఉన్న బ్రిటన్‌లోని ఏజెంటుతో కాలిఫోర్నియా చట్టం కింద ఒప్పందం చేసుకున్న కంపెనీ విషయంలో ఐరోపా న్యాయస్థానం 2000లో ఇచ్చిన తీర్పు సారాంశం ఇదే. ఇక మన తెలుగువారు ఎక్కువగా ఉన్న యూఏఈలో, వాణిజ్య ఏజెన్సీగా రిజిస్టరైతే డిస్ట్రిబ్యూటరుకూ అక్కడి వాణిజ్య ఏజెన్సీ చట్టం రక్షణ ఇస్తుంది. పాత చట్టం స్థానంలో 2022లో కొత్తది వచ్చింది కనుక, పాత సలహాలను నమ్ముకోకుండా అక్కడి న్యాయవాదిని అడగడం మంచిది.

ఎవరిని ఎంచుకున్నా, బ్రాండును అక్కడ మన పేరుతోనే రిజిస్టరు చేయించాలి. 2013 నుంచి ట్రేడ్‌మార్కుల అంతర్జాతీయ నమోదుకు సంబంధించిన మాడ్రిడ్ ప్రొటోకాల్ ద్వారా ఇక్కడి నుంచే పలు దేశాలకు దరఖాస్తు చేసుకునే వీలుంది. ఏటా ఇంత సరుకు కొంటానన్న కనీస హామీ లేకుండా దేశం మొత్తానికి ఒకే డిస్ట్రిబ్యూటరుకు హక్కులు రాసివ్వకూడదు.

అంతర్జాతీయ వాణిజ్య మండలి ఈ రెండు రకాలకూ వేర్వేరు నమూనా ఒప్పందాలు ప్రచురించింది. వాటిలోని ముఖ్యమైన షరతులను తెలుగులో వివరించే పుస్తకాన్ని జిల్లా పరిశ్రమల కేంద్రాల ద్వారా అందించాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలను మీ పత్రిక ముఖంగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎగుమతిదారు,
గుంటూరు