ఓర్టీజియాలో ఉన్ని కార్డిగన్ ఇచ్చిన పెద్దావిడకు కృతజ్ఞతలు

అక్టోబరు నెలాఖరున ఇటలీలోని సిసిలీ తీరంలోని ఓర్టీజియా ద్వీపపట్టణం చూడబోయి, పగటి ఎండను నమ్మి పల్చని నూలు కుర్తాతో, చెప్పులతోనే బస నుంచి బయలుదేరాను. సాయంత్రం సముద్రపు గాలికి వాన కూడా తోడై, నిలువెల్లా తడిసి, కేథడ్రల్ వాకిట వణుకుతూ నిలబడిపోయాను.

పక్కనే ఉన్న ఒక పెద్దావిడ, నేను నోరు తెరవకముందే, తాను వేసుకున్న ముదురాకుపచ్చ ఉన్ని కార్డిగన్ విప్పి నాకు తొడిగారు. చేతులు పొడవయ్యాయని రెండు మడతలు తానే మడిచి, మెడ దాకా గుండీలు పెట్టి, సంచిలోని స్కార్ఫు తీసి నా తలకు చుట్టారు. బడికి పంపేటప్పుడు మా అమ్మ అచ్చం అలాగే గుండీలు పెట్టేది.

తరువాత నన్ను లోపలికి తీసుకెళ్లి, గోడలో ఇమిడిపోయిన, డోరిక్ అనే ప్రాచీన గ్రీకు శైలి స్తంభం మీద నా అరచేతిని ఆనించారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకులు ఎథీనా దేవికి కట్టిన గుడి స్తంభాలే క్రీ.శ. 7వ శతాబ్దంలో చర్చి గోడల్లో కలిసిపోయాయనీ, 1693 భూకంపం తరువాత ముందుభాగాన్ని అలంకారాలు నిండిన బరోక్ శైలిలో మళ్లీ నిర్మించారనీ, వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, వేళ్లతో అంకెలు చూపుతూ ఓపికగా చెప్పారు. అంత చలిలో తాకిన ఆ రాయి స్పర్శ నాకింకా గుర్తుంది.

వాన వెలిశాక కార్డిగన్ తిరిగి ఇవ్వబోతే, ఉంచుకోమని చేత్తోనే వారించి, తాను పల్చని చొక్కాతోనే సందు మలుపు తిరిగి వెళ్లిపోయారు.

అమ్మా, మీ పేరైనా అడగలేకపోయాను. హైదరాబాదులో డిసెంబరు ఉదయాల్లో నేను వేసుకునేది ఆ కార్డిగనే. మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.