ఇక మీదట ట్యాంకు కొన్న రోజే చేపలు ఇవ్వను

హన్మకొండ షాపుకి వచ్చే అన్నలకు, అక్కలకు, ముఖ్యంగా పోయిన దసరా నుంచి నా దగ్గర కొత్త ట్యాంకు తీసుకున్నవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

ఇన్నాళ్లూ ట్యాంకు, ఇసుక, ఫిల్టర్, డజను చేపలు అన్నీ ఒకే పూట కట్టి ఇచ్చేవాణ్ణి. గృహప్రవేశం రేపే అంటారు, బాబు బర్త్‌డే ఇవాళే అంటారు, వాస్తుకి పెట్టమన్నారు అంటారు. కాదంటే ఇంకో షాపుకి పోతారని నా భయం. నాలుగైదు రోజులకు ఫోన్: "అన్నా, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్, పొద్దుగాల రెండు పోయినయ్." నేను వెంటనే "బోరు నీళ్లు పోసిండ్రా? ఫుడ్ ఎక్కువేసిండ్రా?" అని అడిగేవాణ్ణి, తప్పంతా మీదే అన్నట్టు. మీరు మళ్లీ వచ్చి మళ్లీ కొనేవారు. నాకు గిరాకీ బాగానే ఉండేది.

అదే దెబ్బ ఈమధ్య నాకే తగిలింది. షాపు ముందు వరసలో మూడడుగుల ట్యాంకు కొత్తగా పెట్టి, చెన్నై కొళత్తూరు నుంచి పార్సిల్లో వచ్చిన టెట్రా, ఏంజిల్ చేపలు వదిలాను. పాత ట్యాంకు ఫిల్టర్ స్పాంజీలే వేస్తున్నాం కదా అని ధైర్యం. పనికుర్రాడు వాటిని నల్లా కింద పెట్టి, మురికంతా పోయేదాకా పిండి పిండి కడిగాడు. వాణ్ణి అనేందుకు లేదు. ఎట్లా కడగాలో నేనెప్పుడూ చెప్పలేదు. ఆరు రోజుల్లో 26 చేపలు పోయాయి. మూలన దుమ్ము పట్టిన, నీళ్లు పరీక్ష చేసే టెస్ట్ కిట్ తీసి చుక్కలు వేస్తే, పసుపుగా ఉండాల్సిన ట్యూబు ముదురాకుపచ్చకి తిరిగింది. అమ్మోనియా 4 పీపీఎం, అంటే పది లక్షల్లో నాలుగు వంతులు. సున్నా ఉండాలి.

చేప ఊపిరిలోంచి, రెట్టలోంచి, తినకుండా మిగిలిన ఫుడ్ లోంచి అమ్మోనియా పుడుతూనే ఉంటుంది. పాత ట్యాంకులో ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకోరకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది చాలావరకు నెమ్మది సరుకు, వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో కంటే స్పాంజీకి, ఇసుకకి, రాళ్లకి పట్టుకుని బతుకుతుంది. కొత్త ట్యాంకులో దాదాపు ఉండదు. తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దీన్నే సైక్లింగ్ అంటారు. నల్లా నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుంది, నా స్పాంజీలకు జరిగింది అదే.

మన దగ్గర బోరు నీళ్లు పోసేవాళ్లకు ఇంకో చిక్కుంది. వాటి పీహెచ్, అంటే నీళ్ల పులుపు-క్షారం కొలత, ఎక్కువగా ఉండొచ్చు. పీహెచ్ 7 ఉన్న నీళ్లలో కంటే 8 ఉన్న నీళ్లలో అదే అమ్మోనియా దాదాపు పదింతలు విషం. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఇంకా ఎక్కువ. అంటే బోరు నీళ్ల గురించి నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ అమ్మే ముందు చెప్పాల్సిన మాటని చేపలు చచ్చాక చెప్పాను.

ఈసారి ఆ ట్యాంకులో చేపలు లేకుండానే సైక్లింగ్ మొదలుపెట్టాను. కుళ్లి అమ్మోనియా పుట్టాలని రెండు పచ్చి రొయ్యలు పల్చటి గుడ్డలో కట్టి వేశాను. కంపు గురించి అడగొద్దు, మా ఆవిడ మూడు రోజులు షాపు గడప తొక్కలేదు. అమ్మోనియా 3 దాటగానే మూట తీసేశాను. తొమ్మిదో రోజు నైట్రైట్ ట్యూబు లేత నీలం నుంచి కాస్త ఊదాకి తిరిగింది. పదహారో రోజుకి అమ్మోనియా దిగింది, నైట్రైట్ మాత్రం నేరేడుపండు రంగులో అలాగే నిలిచిపోయింది. ఓపిక పోయేది ఇక్కడే. రోజూ తెల్ల కార్డు ముందు ట్యూబు పట్టుకుని చూడటం, మళ్లీ అదే రంగు. ముప్పై నాలుగో రోజు పొద్దున లేత నీలం. నమ్మకం కుదరక ఇంకోసారి చేశాను. చిటికెడు ఫుడ్ వేసి మర్నాడు చూసినా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నానే. అప్పుడు ఆరు టెట్రాలు వదిలాను, వారం తర్వాత ఇంకో ఆరు.

కాబట్టి ఇక నుంచి ట్యాంకు ముందు, చేపలు తర్వాత. ట్యాంకు కొన్నవాళ్లకు నా పాత ఫిల్టర్లోంచి స్పాంజీ ముక్క ఉచితంగా ఇస్తాను, ట్యాంకు నీళ్ల కవర్లోనే తడిగా తీసుకెళ్లి అదే రోజు మీ ఫిల్టర్లో పెట్టాలి. దానివల్ల చాలాసార్లు గడువు సగానికి తగ్గుతుంది. నీళ్లు తెస్తే పరీక్ష చేసి రాసిస్తాను, పైసలు తీసుకోను. రెండూ సున్నా వచ్చాకే చేపలు. అలా తీసుకెళ్లినవి వారంలోపు పోతే మార్చి ఇస్తాను. దసరా నుంచి ఇప్పటిదాకా చేపలు పోగొట్టుకున్నవాళ్లు బిల్లు లేకపోయినా రండి, ముందు నీళ్లు చూసి సగం చేపలు నా ఖర్చున ఇస్తాను. మొత్తం ఇవ్వాలని ఉంది కానీ ఈ నెల కిరాయి కూడా కట్టాలి.

రాత్రి చప్పుడవుతోందనో, కరెంటు బిల్లనో ఫిల్టర్ ఆపేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆపొద్దు. ఆక్సిజన్ అందక బ్యాక్టీరియా చస్తుంది. 15 వాట్ల ఫిల్టర్ నెలంతా తిరిగినా 11 యూనిట్లే. మొదటి వారంలో నీళ్లు పాలలా తెల్లబడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయకండి, కొన్ని రోజులకు దానంతటదే తేటపడుతుంది. స్పాంజీ కడగాలంటే ట్యాంకులోంచే మగ్గు నీళ్లు బకెట్లోకి తీసి అందులో రెండుసార్లు పిండితే చాలు.

నీళ్లు తెచ్చేటప్పుడు బాటిల్ని ట్యాంకు నీళ్లతోనే మూడుసార్లు తొలిచి నింపండి, సబ్బు వద్దు. మొన్న కాజీపేట నుంచి ఒకాయన కూల్‌డ్రింక్ బాటిల్లో తెచ్చాడు. పీహెచ్ 6 చూపించింది. ఆయన టెన్షన్ పడ్డాడు, నేనూ పడ్డాను. మూత తీసి వాసన చూస్తే గాని తెలియలేదు, అడుగున కాస్త డ్రింకు మిగిలే ఉంది.